డైనమో మళ్లీ మళ్లీ కాలుతోందా? తప్పు దానిది కాకపోవచ్చు!

పాత కారున్న ఇంట్లో డైనమో గొడవ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. ఈ వారం గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చూడండి.

"మా నాన్నగారు కొన్న అంబాసిడర్ ఇప్పటికీ మా దగ్గరే ఉంది. అరవైల మొదట్లోది. నెలకు రెండు మూడుసార్లు బయటికి తీస్తాం. పోయినేడాది నుంచి డైనమో విపరీతంగా వేడెక్కుతోంది. కాలిన వాసన వస్తే వైండింగ్ చేయించాం. నాలుగు నెలలకే మళ్లీ కాలింది. మళ్లీ చేయించాం. ఇప్పుడు మళ్లీ అదే వాసన. మెకానిక్ 'ఇది తీసి పారేసి ఆల్టర్నేటర్ పెట్టేద్దాం సార్' అంటున్నాడు. ఇంట్లో వాళ్లయితే కారే అమ్మేయమంటున్నారు. మా అమ్మాయి పెళ్లి ఊరేగింపు ఈ కారులోనే జరగాలని నా కోరిక. ఏం చెయ్యమంటారు?"

కారు అమ్మే ఆలోచన కాసేపు పక్కన పెట్టండి. ఒకే డైనమో రెండుసార్లు కాలి, మూడోసారి కూడా కాలబోతోందంటే, దోషం బయట ఎక్కడో ఉండి శిక్ష దీనికి పడుతోందని అనుమానించాలి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ప్రతిసారీ వైండింగ్ మార్చుకుంటూ పోతే షాపు వాడికి లాభం తప్ప మీకు ఒరిగేదేం లేదు. అసలు కారణం దొరికేదాకా మూడో వైండింగ్‌కి డబ్బు పెట్టొద్దు.

ముందు ప్రమాదం సంగతి

ఒక ప్రశ్నకు జవాబు చూసుకోండి. డైనమో వేడెక్కేది బండి నడుస్తున్నప్పుడా? ఇంజిన్ ఆపేశాక కూడానా?

నడుస్తున్నప్పుడు వేడెక్కితే తీరిగ్గా వెతకొచ్చు. ఇంజిన్ ఆపేసిన తర్వాత కూడా వేడి పెరుగుతుంటే మాత్రం ఒక్క నిమిషం ఆగకూడదు. వెంటనే బ్యాటరీ టెర్మినల్ ఊడదీయాలి. ఎందుకో చెప్తాను.

మన మెకానిక్‌లు 'కటౌట్' అని పిలిచే నల్ల డబ్బాలో రెండు భాగాలుంటాయి. ఒకటి అసలు కటౌట్, రెండోది వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్. కటౌట్ పని కాపలాదారు పని. డైనమో వోల్టేజి దాదాపు 13కి చేరగానే పాయింట్లు కలిపి బ్యాటరీకి కరెంటు పంపుతుంది. ఇంజిన్ ఆగగానే పాయింట్లు విడదీసి, బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా చూస్తుంది. ఆ పాయింట్లు కాలి ఒకదానికొకటి అతుక్కుపోయాయనుకోండి, ఇంజిన్ ఆగినా తలుపు తెరిచే ఉంటుంది. బ్యాటరీ కరెంటంతా డైనమోలోకి పోతుంది. డైనమోనేమో బెల్టు పట్టేసి ఉంచుతుంది కాబట్టి తిరగలేదు. తిరగని ఆర్మేచర్‌లోకి పదుల ఆంపియర్లు పోతే ఏమవుతుంది? వైర్ల మీది తొడుగు కరుగుతుంది, పొగ వస్తుంది, ఆపైన మంటే. పైగా ఆ రోజుల కార్లలో డైనమో నుంచి బ్యాటరీకి వెళ్లే దారిలో ఫ్యూజు ఉండదు. ఆపే నాథుడు లేడన్నమాట.

దీన్ని పట్టుకోవడానికి డాష్‌బోర్డు మీది ఎర్ర దీపం చాలు. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా కీ తిప్పితే అది వెలగాలి. వెలగకపోతే బల్బు పోయిందా, లేక పాయింట్లు అతుక్కున్నాయా అని చూడాలి. కీ తీసేశాక కూడా ఆ దీపం మసగ్గా వెలుగుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు, కటౌట్ అతుక్కుంది.

అసలు కారణం తేలినా తేలకపోయినా ఈ వారమే ఒక పని చేయించండి. బ్యాటరీ ఎర్త్ కేబుల్‌కి ఒక కట్-ఆఫ్ స్విచ్ పెట్టించండి. బండి షెడ్డులో పెట్టాక దాన్ని తిప్పేస్తే రాత్రి నిశ్చింతగా పడుకోవచ్చు. నెలకు రెండుసార్లు తీసే బండికి ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఎంత వేడి మామూలు?

డైనమో అన్నాక వేడెక్కుతుంది. ఇంజిన్ పక్కనే ఉంటుంది, లోపల రాగి తీగల్లో కరెంటు పారుతుంది, కార్బన్ బ్రష్‌లు రాచుకుంటాయి. రోహిణీ కార్తెలో లైట్లేసుకుని గంట ప్రయాణం చేశాక దాని మీద చెయ్యి ఉంచలేకపోతే అది రోగం కాదు. కాలిన వార్నిష్ వాసన, పొగ, బాడీ మీద పెయింటు పొంగడం, వెనకవైపు కన్నాల దగ్గర సోల్డర్ చుక్కలు చిందినట్టు కనపడటం... ఇవి మాత్రం మామూలు కాదు. సోల్డర్ కరిగి చిందిందంటే ఆర్మేచర్ హద్దు దాటి వేడెక్కిందని రాసిచ్చినట్టే.

వేడి ఎక్కడ ఎక్కువుందో కూడా గమనించండి. పుల్లీ వైపు ఎక్కువుంటే బెల్టు బిగువు, లేదా ముందు బేరింగ్. వెనక చివర ఎక్కువుంటే బుష్, లేదా బ్రష్‌లు. నడుమ బాడీ మొత్తం కాలుతుంటే లోపలి తీగల్లో పారే కరెంటు ఎక్కువైంది. ఇంజిన్ ఆపి, బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా ఉండి, వేలు ఆనీ ఆనకుండా చూడండి. చీర కొంగు, కండువా లాంటివి దగ్గరికి రానివ్వొద్దు.

పైసా ఖర్చు లేని పరీక్షలు

మొదట బెల్టు. పొడవుగా ఉన్న వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే అరంగుళం, అంటే 12 మిల్లీమీటర్ల దాకా లోపలికి పోవాలి. వీణ తీగలా బిగించి ఉంటే బేరింగ్, బుష్ రెండూ అరుగుతాయి. బుష్ బాగా అరిగితే ఆర్మేచర్ ఒక పక్కకి వాలి లోపలి ఇనప ముక్కలకి రాచుకుంటుంది. ఆ రాపిడి వేడికి వైండింగ్ ఎన్నిసార్లు మార్చినా ఒకటే. అలాగని మరీ వదులుగా ఉంటే బెల్టు జారి పుల్లీ కాలుతుంది.

రెండోది గాలి. పుల్లీ వెనక రేకు ఫ్యాను ఉంటుంది, డైనమోలోంచి గాలి లాగి చల్లబరిచేది అదే. రిపేరు తర్వాత కొన్ని బళ్లలో ఆ ఫ్యాను మళ్లీ బిగించనే బిగించరు. బిగించినా వంగిపోయి ఉంటుంది. వెనక ప్లేటుకున్న కన్నాలు ఆయిలు, దుమ్ము కలిసిన జిడ్డుతో మూసుకుపోతాయి. పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చెయ్యండి. నీళ్లు కొట్టొద్దు.

మూడోది నూనె. వెనక బుష్‌కి ఒక చిన్న కన్నం ఉంటుంది. కొన్నిటి మీద 'ఆయిల్' అని ఇంగ్లిషులో అచ్చు కూడా ఉంటుంది. అక్కడ ఇంజిన్ ఆయిలు రెండు మూడు చుక్కలు వెయ్యాలి. అంతకన్నా వద్దు. ఎక్కువైతే అది కమ్యుటేటర్ మీదికి చేరి కార్బన్ పొడితో కలిసి బురదవుతుంది.

మోయలేనంత మోయిస్తున్నామా?

డైనమో బాడీ మీద నంబరు చూడండి. లూకాస్ సీ39 రకమైతే దాని శక్తి సుమారు 19 ఆంపియర్లు, సీ40 అయితే 22. అంతకు మించి మోయదు. ఇప్పుడు మీ బండి లెక్క కట్టండి. 60 వాట్ల హాలోజన్లు రెండు వేస్తే 10 ఆంపియర్లు. 55 వాట్ల ఫాగ్ లైట్లు రెండు పెట్టించుకుంటే ఇంకో 9. ఇగ్నిషన్ కాయిల్‌కి 3, 4. వెనక లైట్లు, పార్కింగ్, మీటరు దీపాలకి 2. మొత్తం 25 అయింది. ఇంకా వైపరు, హారన్, స్టీరియో, బ్యాటరీ ఛార్జింగ్ లెక్కలోకి రాలేదు.

కరెంటు పెరిగిన లెక్కన వేడి పెరగదు, దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 19 ఆంపియర్ల డైనమో మీద 25 పడితే తీగల్లో వేడి దాదాపు 1.7 రెట్లు. రెగ్యులేటర్ సరిగ్గా ఉంటే డైనమోని కొంత కాపాడుతుంది, లోటు బ్యాటరీ భరిస్తుంది. దాంతో బ్యాటరీ దిగుతుంది. అప్పుడేం చేస్తారు? 'ఛార్జింగ్ సరిపోవట్లేదు' అని రెగ్యులేటర్ స్క్రూ ఇంకో చుట్టు బిగిస్తారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బ్యాటరీ కోసం తిప్పిన స్క్రూ డైనమోని కాల్చేస్తుంది. చాలా బళ్లలో జరిగేది ఇదే.

స్టీరియో, మొబైల్ ఛార్జర్ల విషయంలో ఇంకో జాగ్రత్త. ఆ కాలం అంబాసిడర్లకి బ్యాటరీ ప్లస్సే బాడీకి కలిపి ఉంటుంది. ఇప్పటి పరికరాలన్నీ మైనస్ బాడీకి అన్న లెక్కతో తయారవుతాయి. వాటి రేకు డబ్బా కారు బాడీకి తగిలిందా, షార్టే. ఎల్‌ఈడీ బల్బులు కొన్నా ప్లస్ ఎర్త్ బండికి పనిచేస్తాయా అని అడిగి తీసుకోండి.

ఊరేగింపు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నడక వేగంలో బండి పోతుంటే డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. దాని ఫ్యానూ తిరిగీ తిరగనట్టే ఉంటుంది. కాబట్టి ముందురోజు బ్యాటరీని బయట ఛార్జర్‌తో నిండా ఛార్జ్ చేయించండి. అలంకరణ దీపాలకి కారు కరెంటు ఇవ్వొద్దు, వాటికి వేరే బ్యాటరీ పెట్టండి. మేళం ఆగిన చోటల్లా ఇంజిన్ ఆపేయండి.

బ్యాటరీ నాటకాలు

బండి రాత్రంతా ఆపి ఉంచాక, కీ తిప్పకుండా బ్యాటరీ వోల్టేజి చూడండి. నిండుగా ఉంటే 12.6 దగ్గర ఉంటుంది. ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతుంటే ఒక సెల్ చచ్చిపోయిందని అర్థం. చచ్చిన సెల్ ఉన్న బ్యాటరీ చిల్లు కుండ లాంటిది. డైనమో ఎంత పోసినా నిండదు, పోస్తూనే ఉండాలి. గంటల తరబడి పూర్తి లోడు మీద తిరిగే డైనమో కాలక ఏం చేస్తుంది? బ్యాటరీ పూర్తిగా దిగిపోయినప్పుడు తోసి స్టార్ట్ చేసి 'దారిలో ఛార్జ్ అవుతుందిలే' అనుకోవడం కూడా ఇలాంటిదే. బయట ఛార్జ్ చేయించి పెట్టుకోండి.

కటౌట్ డబ్బా మీద అసలు అనుమానం

ఈ డబ్బాకి ఏ, ఏ1, ఎఫ్, డి, ఈ అనే టెర్మినల్స్ ఉంటాయి. ఇందులో ఈ అంటే ఎర్త్. ఆ ఒక్క వైరు తుప్పు పట్టినా, వదులైనా రెగ్యులేటర్‌కి కళ్లు పోయినట్టే. వోల్టేజి ఎంతుందో దానికి తెలియదు, డైనమోని అదుపు చెయ్యలేదు. కరెంటు విరుచుకుపడుతుంది. అలాగే డైనమో నుంచి వచ్చే డి, ఎఫ్ వైర్ల తొడుగు ఊడి రెండూ ఎక్కడైనా కలిశాయంటే రెగ్యులేటర్ ఉన్నా లేనట్టే, డైనమో పూర్తి బలంతో పనిచేస్తూనే ఉంటుంది. రెండుసార్లు పొగలొచ్చిన బండిలో ఆ వైర్ల తొడుగు బాగుందనే నమ్మకం నాకు లేదు. ముందు ఆ రెండు వైర్లూ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూపించండి.

తర్వాత రెగ్యులేటర్ సెట్టింగ్. ఆర్‌బీ106 రకం డబ్బాకి పద్ధతి ఇది. ఏ, ఏ1 వైర్లు డబ్బా నుంచి తీసి రెండింటినీ ఒకదానికొకటి కలిపి, దేనికీ తగలకుండా టేపు చుట్టి ఉంచాలి. డి, ఈ మధ్య వోల్ట్‌మీటర్ పెట్టి ఇంజిన్ వేగం నెమ్మదిగా పెంచాలి. మీటరు ముల్లు పెరుగుతూ పోయి ఒకచోట నిలబడుతుంది. 20 డిగ్రీల వాతావరణంలో అది 16 నుంచి 16.6 వోల్టుల మధ్య ఉండాలి, మన ఎండలకి ఇంకాస్త తక్కువ. ముల్లు ఆగకుండా పైకి పోతుంటే వెంటనే ఇంజిన్ ఆపండి, దొంగ దొరికాడు. ఈ పరీక్ష అర నిమిషంలో ముగించాలి. ఆలస్యమైతే లోపలి కాయిల్ వేడెక్కి తప్పుడు అంకె చూపిస్తుంది. ఆ తప్పుడు అంకె చూసి స్క్రూ తిప్పితే మళ్లీ కథ మొదటికి.

అప్పుడు విప్పండి డైనమోని

ఇవన్నీ బాగున్నాయని తేలితేనే డైనమో జోలికి పోవాలి. కిందికి దించకముందే ఒక పరీక్ష ఉంది. డి, ఎఫ్ వైర్లు రెండూ తీసేసి, డైనమో మీది ఆ రెండు టెర్మినల్స్‌నీ చిన్న వైరుతో కలపండి. అక్కడికీ బాడీకీ మధ్య వోల్ట్‌మీటర్ పెట్టి, ఇంజిన్ వేగం నెమ్మదిగా వెయ్యి ఆర్‌పీఎం దాకా పెంచండి. వోల్టేజి ఊగకుండా చకచకా పెరగాలి. 20 దాటనివ్వకండి, ఇంజిన్ రేసు చెయ్యకండి. అర వోల్టు, ఒక వోల్టు దగ్గరే ఆగిపోతే ఫీల్డ్ కాయిల్‌లో లోపం. నాలుగు, ఐదు దగ్గర ఆగితే ఆర్మేచర్‌లో లోపం.

విప్పాక చూడాల్సినవి మూడు. కార్బన్ బ్రష్‌లు పావంగుళానికి అరిగాయా? అరిగితే స్ప్రింగు సరిగ్గా నొక్కదు, నిప్పురవ్వలొస్తాయి, కమ్యుటేటర్ కాలుతుంది. కమ్యుటేటర్ రాగి పట్టీల మధ్య ఉండే మైకా, రాగి కన్నా లోతుగా ఉందా? లేకపోతే హ్యాక్సా బ్లేడు ముక్కతో గాడి తీయించాలి. ఫీల్డ్ కాయిల్ రెసిస్టెన్స్ ఆరు ఓముల దగ్గర ఉందా? అంతకన్నా బాగా తక్కువుంటే చుట్లు లోపల షార్ట్ అయ్యాయి. సన్నం తీగ బదులు దొరికిన తీగ చుట్టినా ఈ అంకె తేడా వస్తుంది. అందుకే వైండింగ్ షాపులో బిల్లు కట్టేముందు మీటరు పెట్టించి, ఆ అంకె బిల్లు మీద రాయించుకోండి.

వైండింగ్ తర్వాత మరిచిపోయే పని

మీ ఉత్తరం చదివాక నాకు ఎక్కువ అనుమానం దీని మీదే. కొత్తగా వైండింగ్ చేసిన డైనమోకి ప్లస్ ఎటు, మైనస్ ఎటు అన్నది లోపలి ఇనుములో మిగిలిన అయస్కాంత శక్తిని బట్టి ఉంటుంది. షాపులో మైనస్ ఎర్త్ లెక్కన పరీక్షించి పంపితే, మీ ప్లస్ ఎర్త్ బండిలో అది తిరగబడి కరెంటు పుట్టిస్తుంది. కటౌట్ కాయిల్‌కి ప్లస్సు, మైనస్సు తేడా తెలియదు. వోల్టేజి రాగానే పాయింట్లు కలిపేస్తుంది. అప్పుడు బ్యాటరీ, డైనమో ఒకదానికొకటి తోడై షార్ట్ అయినట్టవుతుంది. ఆ దెబ్బకి పాయింట్లు అతుక్కుంటాయి. ఆ తర్వాత కథ మొదట్లోనే చెప్పాను.

విరుగుడు చాలా చిన్నది. డైనమో బిగించాక, ఇంజిన్ స్టార్ట్ చేసేముందు, ఎఫ్ వైరు తీసి, బ్యాటరీలో ఎర్త్ కాని వైపు నుంచి ఒక వైరు తెచ్చి డైనమో ఎఫ్ టెర్మినల్‌కి రెండు మూడుసార్లు తాకించి తీసేయాలి. చిన్న మెరుపు వస్తుంది, అంతే. తర్వాత ఎఫ్ వైరు యథాస్థానంలో పెట్టాలి. ఇది లూకాస్ డైనమోల పద్ధతి. పాత జీపులకి, ఫియట్‌లకి వైరింగ్ వేరు కాబట్టి వాటి పద్ధతి కనుక్కునే చెయ్యాలి. అప్పటికే పాయింట్లు అతుక్కుని ఉంటే కటౌట్ బాగు చేయించకుండా డైనమో బిగించొద్దు. లేకపోతే మూడో వైండింగ్‌కీ అదే గతి.

ఆల్టర్నేటర్ పెట్టేద్దామా?

పెట్టొచ్చు. తక్కువ వేగంలోనూ ఛార్జింగ్ ఇస్తుంది, రోజూ రాత్రిళ్లు తిరిగే బండికి సుఖమే. కానీ మీ మెకానిక్ చెప్పినంత తేలిక కాదు. మామూలుగా దొరికే ఆల్టర్నేటర్లు మైనస్ ఎర్త్‌వి. అంటే బ్యాటరీ తిప్పి పెట్టాలి, ఇగ్నిషన్ కాయిల్ వైర్లు మార్చాలి, ఆంప్‌మీటర్ ఉంటే దాని వైర్లు మార్చాలి, కటౌట్‌ని దారిలోంచి తప్పించాలి. ముప్పై, నలభై ఆంపియర్లు ఇచ్చే ఆల్టర్నేటర్‌కి, 20 ఆంపియర్ల కోసం వేసిన అరవై ఏళ్ల నాటి వైరు సరిపోదు, లావు వైరు వెయ్యాలి. వైరింగ్‌లో దోషం అలాగే ఉంచి ఆల్టర్నేటర్ పెడితే మంట ఇంకా పెద్దదవుతుంది.

ఇంకొకటి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని కార్లని వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలని అందులో షరతు. మీ బండి వయసుకి ఆ అర్హత ఉంది. రేపు ర్యాలీలకి తీసుకెళ్లాలన్నా, విలువ కట్టించాలన్నా అసలు డైనమో ఉన్న బండికి ఉండే మర్యాద వేరు. ఒకవేళ ఆల్టర్నేటరే పెట్టించినా డైనమో, కటౌట్ రెండూ ఇంటికి తెచ్చి దాచుకోండి. షాపులో వదిలేస్తే పాత ఇనుము లెక్కన పోతాయి.

మీరైతే ఈ వరసలో వెళ్లండి. ఈ రోజే బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. తర్వాత ఎర్ర దీపం పరీక్ష, కటౌట్ పాయింట్లు, ఈ వైరు, డి-ఎఫ్ వైర్లు. ఆపైన బ్యాటరీ, లైట్ల లెక్క, బెల్టు, ఫ్యాను. అన్నిటికన్నా చివర డైనమో. ఆటోనగర్‌లో డైనమో మీద చెయ్యి తిరిగిన పాత ఎలక్ట్రీషియన్లు ఇంకా ఉన్నారు. దగ్గరికెళ్లి 'వైండింగ్ చెయ్యి' అనకండి, 'ఎందుకు కాలుతోందో చూసి పెట్టు' అనండి. ముందు మీటరు తీసేవాడి చేతికే బండి ఇవ్వండి.